గోడన్న యాభై రెండు సెకన్లు

మంటలార్పే ఉద్యోగం అనగానే అందరూ మంటల గురించే అడుగుతారు. ముప్పై ఏళ్లుగా ఫైరింజను తోలుతున్నవాణ్ణి, నన్నడిగితే ఈ ఉద్యోగంలో మంట పావువంతు, కూర్చోవడం ముప్పావువంతు. గంట మోగేదాకా కూర్చోవాలి. ఒకప్పుడు క్యారమ్స్ ఆడేవాళ్లం, ఒకరి సంసారాల గురించి ఒకరం వాగేవాళ్లం, చిన్న మాటకి పెద్ద గొడవలు పడేవాళ్లం. ఫోన్లు వచ్చాక గొడవలు కూడా పోయాయి. ఒకే గదిలో ఎనిమిది మందిమి తలలు దించుకుని కూర్చుంటాం. బయటివాడెవడైనా చూస్తే మా పెద్దాఫీసరు పోయాడేమో, సంతాపం పాటిస్తున్నారేమో అనుకుంటాడు.

ఆ ఎనిమిది మందిలో తలెత్తుకుని కూర్చునేవాడు ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి గోడన్న అనేవాళ్లం. కొత్తగా చేరిన కుర్రాళ్లకు పొగలో వెతకడం నేర్పేది వాడే. స్టోరు గదిలో కుర్చీలు, బల్లలు అడ్డదిడ్డంగా పడేసి, కుర్రాడి కళ్లకు గుడ్డ కట్టి లోపలికి తోసేవాడు. "కుడిచెయ్యి గోడ మీద పెట్టు. వదలకు. ఎటు తిరిగినా గోడతోనే తిరుగు. అదే గోడ నిన్ను మళ్లీ గుమ్మం దగ్గరికి తెస్తుంది. గోడ వదిలావా, నిన్ను వెతకడానికి ఇంకొకణ్ణి పంపాలి" అని అరిచేవాడు. ఇది వాడు కనిపెట్టిన సూత్రం కాదు, మా పనిలో అందరూ చేసేదే. నిజం పొగలో మన చెయ్యి మనకు కనబడదు. కానీ వాడు దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే పేరే గోడైపోయింది. "గోడకి చెప్పుకున్నా ఒకటే, నీకు చెప్పుకున్నా ఒకటే" అని నేను ఏడిపిస్తే, "గోడకి చెవులుంటాయి బావా, జాగ్రత్త" అనేవాడు.

మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. వాడి పెళ్లాం నన్ను అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టింది, దాంతో నేను వాడికి బావనైపోయాను. వాళ్ల రెండో తరగతి పిల్ల చిట్టికి మామయ్యనయ్యాను. వాడి దగ్గర మీటల ఫోను ఒకటి ఉండేది. "అందులో ఏముందిరా, పారేసి మంచిది కొనుక్కో" అంటే, "మీ చెల్లెలి తిట్లు స్పష్టంగా వినబడతాయి, చాలదా?" అనేవాడు. చిట్టి బడివాళ్లు హోంవర్కు ఫోనులో పంపిస్తామన్నాక గతిలేక పెద్ద ఫోను కొన్నాడు.

అది కొన్న రెండు నెలలకు ఆ మూడంతస్తుల మేడ తగలబడింది.

పొద్దున పది దాటింది. రెండో అంతస్తులో వరండా చివర ఇల్లు. కింద గుమిగూడినవాళ్లు, "ముసలావిడ ఒక్కతే ఉంది, మనవరాలు కాలేజీకి పోయింది" అని చెప్పారు. నేను బండి దగ్గర పంపు చూసుకుంటున్నాను. గోడన్న గాలి సిలిండరు, ముసుగు తగిలించుకుని పైకెళ్లాడు. గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కుడిగోడ పట్టుకుని లోపలికి పాకాడు. ఎప్పటిలాగే. కుడివైపు రెండో గదిలో ముసలావిడ దొరికింది. భుజాన వేసుకుని దింపాడు. కింద పడుకోబెట్టి గాలి పెట్టాక ఆవిడ కళ్లు తెరిచి, "పిల్లేది?" అంది. జ్వరమొచ్చి ఆ పిల్ల ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు. గోడన్న మెట్లమీద పరిగెత్తడం నేను చూశాను. సిలిండరు వీపున పెట్టుకుని అలా పరిగెత్తకూడదు. పిల్ల ఎడమవైపు ఉంది. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, కుట్టుమిషను కింద ముడుచుకుని ఉంది. అప్పటికే అంతా అయిపోయింది.

మూడు వారాలు విచారణ జరిగింది. నియమం ప్రకారమే వెతికాడని, లోపల ఒక్కరే ఉన్నారన్న సమాచారం మీదే వెళ్లాడని, తప్పేమీ లేదని రాశారు. ఆ కాగితం చదివి గోడన్న తల ఊపాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా వృత్తిలో ఇలాంటివి ప్రతివాడికీ ఒకటో రెండో ఉంటాయి. నాకూ ఉన్నాయి. వాటితోనే తింటాం, వాటితోనే పడుకుంటాం. వాడూ అలాగే ఈదుకొచ్చేవాడేమో, ఆ వీడియో బయటపడకపోతే.

ఎదురు మేడ మీదనుంచి ఎవరో తీశారు. యాభై రెండు సెకన్లు. గుమ్మం దగ్గర గోడన్న మోకాళ్ల మీద కూర్చోవడం కనిపిస్తుంది. పందొమ్మిదో సెకను దగ్గర వాడి తల ఎడమవైపు తిరుగుతుంది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు అటే ఉంటుంది. తర్వాత కుడివైపు లోపలికి పాకిపోతాడు. అంతే. వాడిది తప్పని చెప్పడానికి అందులో ఏమీ లేదు. వీడియో కింద జనం రాసిన రాతలు మాత్రం ఉన్నాయి. ఎడమకి వెళ్లుంటే బతికేది కదా అని, వీళ్లకి జీతాలెందుకని. ఆ రాతలు వాణ్ణి ఏమీ చెయ్యలేదు. "ఊళ్లో నోళ్లకి మూతలెక్కడ తెస్తాం బావా" అని వదిలేశాడు.

వాణ్ణి పట్టుకున్నది ఆ తల.

"నేనెందుకు అటు తిరిగాను?" అని అడిగాడు మొదటిసారి చూపించినప్పుడు. "ఏదైనా వినబడితేనే కదా తిరుగుతాం. నాకు గుర్తులేదు బావా. ముసుగులో నా ఊపిరే నాకు వినబడుతుంది. మరి ఎందుకు తిరిగాను?"

ఎవరో మహానుభావుడు ఆ వీడియోకి పాట తగిలించాడు. అసలు శబ్దం లేదు. పాట లేని వీడియో దొరికితే ఆ పందొమ్మిదో సెకను దగ్గర పిల్ల పిలిచిందో లేదో తెలుస్తుందని వాడి ఆశ. ఎదురు మేడ మీద తీసినదానిలో ఇవతలి ఇంటి లోపలి పిలుపు వినబడుతుందా అని నేనడిగాను. వినబడొచ్చు అన్నాడు. మునిగేవాడు గడ్డిపోచని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్నాడు. ఆ వీడియోకి వందల నకళ్లున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పాట. ఏడుపు పాటలు, వీరుల పాటలు, ఒకదానికి పెళ్లిపాట కూడా. ఒక్కోటీ వెతికి, తెరిచి, పందొమ్మిదో సెకనుదాకా చూసి, వెనక్కి తిప్పి మళ్లీ చూసి, ఇంకొకటి తెరిచేవాడు. రోజుకి తొమ్మిది గంటలు. నేను లెక్క పెంచి చెప్పడం లేదు, ఫోనే చెప్పింది.

వాడికి నిద్ర కరువైంది. కళ్లు ఎర్రబడ్డాయి, మెడ పట్టేసింది. పక్కనే నిలబడి పిలిచినా పలికేవాడు కాదు, ఎడమవైపు నుంచి పిలిస్తే మాత్రం ఉలిక్కిపడేవాడు. చిట్టి అది కనిపెట్టేసింది. ఏదైనా కావాలంటే తిరిగి వెళ్లి ఎడమవైపు నిలబడి "నాన్నా" అనేది. అది చూసినరోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

స్టేషన్ ఆఫీసరు వాణ్ణి బండి మీదనుంచి దింపి కంట్రోల్ రూములో కూర్చోబెట్టాడు. అక్కడ మూడు తెరలు. తెరలు చూసి చెడిపోయినవాణ్ణి తీసుకెళ్లి మూడు తెరల ముందు పెట్టడం పై అధికారుల బుర్రకే తడుతుంది. వాడు ఒకటే మాట అనేవాడు: "నన్ను బండెక్కించండి సార్. బండెక్కితే బాగైపోతాను." అది నేనూ నమ్మాను. వాడు మళ్లీ ముసుగు వేసుకుని, మళ్లీ ఒకణ్ణి బతికించి తెస్తే తప్ప మనిషి కాడు.

ఆ సమయంలోనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది ఫోన్లు ఎక్కువ చూస్తున్నారు, నిద్రలు తగ్గుతున్నాయి, ఆరోగ్యం పాడవుతోంది, కాబట్టి ఫోను చూడటం తగ్గించాలి. దానితోపాటు కౌన్సెలింగ్ మేడమ్ వచ్చింది. మంచి మనిషి, అబద్ధమాడను. గుమ్మం పక్కన గళ్ల పెట్టె ఒకటి చేయించింది. షిఫ్టు ఎక్కేటప్పుడు ఎవరి గడిలో వాళ్లు ఫోను పెట్టాలి, దిగేటప్పుడు తీసుకోవాలి. మావాళ్లు తక్కువవాళ్లా? వారం తిరక్కుండా ప్రతివాడూ ఇంట్లోంచి చచ్చిపోయిన పాత ఫోనొకటి తెచ్చి గడిలో పెట్టాడు. బతికున్నది జేబులో. పెట్టె నిండుగా ఉందని మేడమ్ ఫొటో తీసి పైకి పంపింది. నాది మాత్రం చచ్చిన ఫోను కూడా కాదు, మా ఇంట్లో టీవీ రిమోటు. దూరం నుంచి ఒకేలా ఉంటాయి.

గోడన్నకు మేడమ్ విడిగా షరతు పెట్టింది. రోజుకి రెండు గంటలకు మించకుండా వరసగా నాలుగు వారాలు ఉంటే బండెక్కడానికి తాను రాసిస్తానంది. వాడు నిజంగా ప్రయత్నించాడు, అందుకు నేనే సాక్షి. తెర రంగులు తీసేసి నలుపు తెలుపు చేసుకోమంది, ఆకర్షణ తగ్గుతుందట. చేసుకున్నాడు. "రంగుల్లేకపోతే పొగ ఇంకా బాగా కనిపిస్తోంది బావా" అన్నాడు. ఫోను పెళ్లానికిచ్చి దాచమన్నాడు. ఆమె బీరువాలో చీరల కింద పెట్టింది. వీడు పక్కింటివాళ్ల ఫోను అడుక్కున్నాడు. నెల తిరిగేసరికి తొమ్మిది గంటలు ఎనిమిదయ్యాయి.

ఒకరోజు మధ్యాహ్నం నేను గ్యారేజీలో బండి అద్దాలు తుడుస్తుంటే వాడి పెళ్లాం వచ్చింది. గేటు దగ్గర నిలబడి లోపలికి రానంది.

"అన్నయ్యా, ఇంక నావల్ల కావట్లేదు. మనిషి ఇంట్లోనే ఉంటాడు, ఇంట్లో ఉండడు. నిన్న చిట్టికి మెట్లమీద జారి పెదవి చిట్లింది. అది ఏడుస్తుంటే ఈయన ఫోను ఆపి ఏమన్నాడో తెలుసా? 'ఇప్పుడు పిలిచావా, పిలవలేదా, సరిగ్గా చెప్పు' అని దాన్ని గుచ్చి గుచ్చి అడిగాడు. పిల్ల బెదిరిపోయింది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వంటే ఆయనకి గురి. ఏదో ఒకటి చెప్పి మాన్పించు. నిజమో అబద్ధమో, నాకక్కర్లేదు."

వెయ్యి అబద్ధాలాడి పెళ్లి చెయ్యమన్నారు. ఒక్కటాడి సంసారం నిలబెడితే తప్పేమిటి అనుకున్నాను. నా తెలివి మీద నాకు ఎప్పుడూ కాస్త నమ్మకం ఎక్కువే.

మర్నాడు పొద్దున టీ తాగేటప్పుడు వాడి ఎడమవైపు కూర్చున్నాను.

"ఒరేయ్, ఆ రోజు నిన్ను పిలిచింది నేనేరా."

"ఏ రోజు?"

"ఆ రోజే. నువ్వు గుమ్మం దగ్గర కూర్చున్నప్పుడు. నీళ్లు వదలమంటావా అని వైర్‌లెస్ సెట్లో అడిగాను. నువ్వు పలకలేదు. నీ సెట్టు ఎక్కడ తగిలించుకుంటావు? ఎడమ భుజానికే కదా. అందుకే తల తిప్పావు. ఇన్నాళ్లూ నాకే తట్టలేదు, నిన్న రాత్రి పడుకుంటే గుర్తొచ్చింది."

వాడు గ్లాసు కింద పెట్టాడు.

"నిజమా బావా?"

"నా మీద ఒట్టు."

వాడు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. టీ కొట్టువాడు చూస్తున్నా, ఇద్దరు కుర్రాళ్లు చూస్తున్నా, నా భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చెప్పొద్దూ, చంపేశావు. ముందే చెప్పకూడదూ?" అన్నాడు. నాకూ కళ్లు తడిశాయి. ఘనకార్యం చేశాననే అనుకున్నాను.

ఆ వారం ఎనిమిది గంటలు ఐదయ్యాయి. పై వారం మూడు. ఆ తర్వాత వరసగా మూడు వారాలు గంటన్నర. పెట్టెలో సొంత ఫోను, బతికున్నది, పెట్టినవాడు మా స్టేషన్ మొత్తం మీద వాడొక్కడే. నా రిమోటు బయటికి తీసి అందరికీ చూపించి పరువు తీశాడు. చిట్టిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి, బండెక్కించి, సైరను ఒక్కసారి మోగించనిచ్చాడు. స్టోరు గదిలోకి వెళ్లి కుర్చీలు అడ్డదిడ్డంగా పేర్చి, మళ్లీ కుర్రాళ్ల మీద అరవడం మొదలుపెట్టాడు. ఇంకో వారం ఇలాగే గడిస్తే మేడమ్ కాగితం రాసిస్తుంది. వాడి సీటు దుమ్ము నేనే దులిపాను.

ఆ వారమే ఒకరోజు మధ్యాహ్నం నేను పంపు పరీక్ష చేస్తుంటే వాడొచ్చాడు. ఇంజను ఆపమని చేత్తో సైగ చేశాడు. ఆపాను.

"కంట్రోల్ రూములో ఆ రోజు లాగ్ బుక్కు తీశాను బావా."

సెట్లో మేం మాట్లాడే ప్రతి మాటా కంట్రోల్ రూములో వినబడుతుంది. అక్కడ కూర్చున్నవాడు నిమిషంతో సహా పుస్తకంలో రాస్తాడు. పైగా మెషిన్లో రికార్డవుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ సెట్లో మాట్లాడుతున్నవాణ్ణి, అబద్ధమాడేటప్పుడు ఆ ఒక్కటీ మర్చిపోయాను. వాణ్ణి కూర్చోబెట్టింది కూడా ఆ గదిలోనే.

"నిన్ను అనుమానించి కాదు. ఆ పేజీ జిరాక్స్ తీసుకుని దగ్గర పెట్టుకుందామనుకున్నా. మళ్లీ ఎప్పుడైనా మనసు పీకితే చూసుకోవడానికి." వాడి గొంతులో కోపం లేదు. "లోపలికెళ్తున్నానని నేను చెప్పింది ఉంది. ఒకరిని తెస్తున్నానని చెప్పింది ఉంది. మధ్యలో ఏమీ లేదు. రాసినవాడు మర్చిపోయాడేమోనని రికార్డు కూడా విన్నాను. నాలుగు నిమిషాలు. ఒక్క మాట లేదు."

"ఒక్కోసారి సెట్టు పట్టుకోదు రా, ఆ ఇనప రేకుల వల్ల..." అన్నాను.

"వద్దు బావా."

వాడు బండి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ వినబడిందేమో, లేదేమో అని ఉండేది. సగం రోజులు లేదనే అనుకునేవాణ్ణి. ఆ సగంతోనే నెట్టుకొచ్చాను. నువ్వు సెట్టు అన్నావు, అదే అయ్యుంటుందని నా ఒళ్లంతా ఒప్పేసుకుంది. అంటే ఏదో వినబడే తిరిగానని ఒప్పుకున్నట్టే కదా. ఇప్పుడు సెట్టు కాదని తేలింది. మరి ఇంకేం మిగిలింది?"

"తల తిరగడానికి వంద కారణాలుంటాయిరా. మెడ పట్టేసి ఉంటుంది. ముసుగు పట్టీ లాగి ఉంటుంది. నేను చెప్పింది అబద్ధమైతే మాత్రం..."

"పిలిచింది బావా," అన్నాడు. "నన్ను పిలిచింది. నేను విని, గోడ పట్టుకుని అవతలికి పోయాను."

ఎంత చెప్పినా వినలేదు. వినలేదనడం కూడా తప్పు, విన్నాడు. చిన్నపిల్లాడు తనకు తెలిసిన కథ చెబుతుంటే పెద్దవాళ్లు విన్నట్టు, తల ఊపుతూ అంతా విన్నాడు. నన్ను తిట్టలేదు. పోట్లాడి ఉంటే నాకు కొంచెం బావుండేది. లేచి వెళ్తూ, "మీ చెల్లెలికి చెప్పకు. పాపం, సంతోషంగా ఉంది" అన్నాడు.

ఆ అనుమానాన్ని నిర్ధారణ చేసిపెట్టింది నేను. వీడియో చేయలేనిది, జనం రాతలు చేయలేనిది, నా నోరు చేసింది. ఇది ఎవరికీ చెప్పుకోలేను, చెప్పుకున్నా పోయేది కాదు.

ఆ వారం వాడి ఫోను లెక్క రోజుకి పదకొండు నిమిషాలు. ఆ పదకొండూ చిట్టి బడి హోంవర్కు. మేడమ్ ఆ లెక్క చూసి పొంగిపోయింది. వాడి పెళ్లాం సంతలో కనబడి నా చేతులు పట్టుకుంది.

"ఫోను ముట్టుకోవడమే లేదు అన్నయ్యా. నీ పుణ్యం ఊరికే పోదు." నా చేతులు వదిలేసింది. "ఉత్తినే కూర్చుంటున్నాడు. కిటికీ పక్కన కూర్చుని అలా చూస్తూ ఉంటాడు. పిలిస్తే పలుకుతున్నాడులే. అయినా ఫోను కన్నా ఇదే నయం కదూ?"

"నయమే అమ్మా," అన్నాను. అది రెండో అబద్ధం.

నాలుగో వారం పూర్తయిన రోజు పొద్దున స్టేషన్ ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి ఒక ఉత్తరం చూపించాడు. గోడన్న రాసింది. తనను బండి మీదికి తీసుకోవద్దని, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కంట్రోల్ రూములోనే ఉంచమని, వీలుకాకపోతే స్టోరులో వేసినా సరేనని. "ఏమయ్యా, నెలల తరబడి బండి బండి అని నా ప్రాణం తీశాడు. తీరా నోటిదాకా వచ్చాక వద్దంటాడేంటి? నీకేమైనా తెలుసా?" అన్నాడు ఆఫీసరు. తెలియదన్నాను. ఆయన కాసేపు గొణుక్కుని సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే హాల్లో మీటింగు. చుట్టుపక్కల నాలుగు స్టేషన్ల వాళ్లూ వచ్చారు. మేడమ్ గోడమీద తెర కట్టి, వాడి లెక్క గీత గీసి చూపించింది. తొమ్మిది గంటల దగ్గర మొదలై పదకొండు నిమిషాల దగ్గర నేలకు దిగిన గీత. తన పదేళ్ల పనిలో ఇంత తొందరగా ఇంత మార్పు చూడలేదంది. వాణ్ణి లేచి నిలబడమంది.

"మీరు ఎలా మానేయగలిగారో మీ మాటల్లో వీళ్లకి చెప్పండి. మీవాళ్ల మాటైతే వింటారు."

గోడన్న లేచాడు. హాలంతా ఒకసారి చూశాడు. నా మీదికి వచ్చినప్పుడు కూడా ఆ చూపు ఆగలేదు.

"చూడాల్సింది ఇంకేం లేదు మేడమ్," అన్నాడు.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. "ఎంత బాగా చెప్పారో చూడండి" అంటూ ఆ మాటని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. పక్కవాడు మోచేత్తో పొడిస్తే నేనూ కొట్టాను.